ఇంటర్లో జాగ్రఫీ తీసుకుంటే ఏమొస్తది అని అడిగేవాళ్ళకి



టెన్త్ రిజల్ట్స్ వచ్చిన కాడి నుంచి మన గ్రూపులో ఒకటే ముచ్చట. ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అని. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతున్నారు, పెద్దవాళ్ళు చెప్తున్నారు. జాగ్రఫీ పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నేను 11, 12 తరగతుల్లో జాగ్రఫీ చదివినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి.

మా గూడెం శబరి ఒడ్డున, కూనవరానికి ఎగువన. మా అయ్య వేలిముద్ర వేస్తాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. నిజం చెప్పాలంటే జాగ్రఫీ నేను ఇష్టపడి తీసుకోలేదు. సైన్స్ సీటుకి మార్కులు సరిపోలేదు, హాస్టల్ ఉన్న కాలేజీలో మిగిలింది ఆర్ట్స్ గ్రూపు, అందులో జాగ్రఫీ ఉంది. మా బావ నవ్వాడు. "కొండలు, వాగులు చూడ్డానికి కాలేజీకి పోవాల్నా? మన ఊళ్ళో లేవా?" అన్నాడు. నాకూ జవాబు తెలవలేదు.

11లో ప్రాక్టికల్స్ ఉంటాయి. సీబీఎస్ఈలో 100 మార్కుల్లో 30 వాటికే. అందులోనే మొదటిసారి టోపోషీట్ చూశా. 1:50,000 స్కేలు, అంటే కాగితం మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. గోధుమరంగు గీతలు కాంటూర్లు. సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలిపే గీత అన్నమాట. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరంగా ఉంటే చదును. పరీక్ష కోసం నేర్చుకున్నా, అంతే. అది మా ఇంటి గొడవ అని అప్పుడు తట్టలేదు.

2022 జూలైలో వరద వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 తర్వాత ఇదే పెద్దది. మా ఇల్లు మునిగింది. కొండెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు మావాళ్ళు. నీళ్ళు తీశాక నేను ఇంటికి పోయినప్పుడు ఊళ్ళో అందరూ పోలవరం ముంపు గురించే మాట్లాడుతున్నారు. ఒక తాత అడిగాడు: "డ్యాంలో నీళ్ళు 150 అడుగులకి నిలబెడతారంట. మొన్న 71కే మునిగితిమి గదా, 150 అంటే కొండ కూడా మిగలదా?" ఇంకొకాయన, "కాదు, మన ఊరు గీత పైన ఉందని సార్లు చెప్పారు, మనకి ముంపు లేదు" అన్నాడు. ఇద్దరిలో ఎవరు కరెక్టో చెప్పేవాళ్ళు లేరు.

నాకు తెలుసు. పదిహేడేళ్ళ పిల్లాణ్ణి, భయపడుతూనే చెప్పా. ఆ 71 వేరు, ఈ 150 వేరు. భద్రాచలం అడుగులు అక్కడి గేజీ సున్నా నుంచి లెక్కేస్తారు. 43 మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది అనేవి ఆ గేజీ అడుగులే. పోలవరం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు, సముద్ర మట్టం నుంచి లెక్క. మొదటి దశ అని చెప్పే 41.15 మీటర్లు అంటే 135 అడుగులు, అదీ సముద్ర మట్టం నుంచే. రెండు సున్నాలు వేరైనప్పుడు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంకో మాట కూడా చెప్పా. కదలని చెరువులో నీళ్ళు ఒకే మట్టంలో ఉంటాయి. పారే ఏరు అట్లా ఉండదు, ఎగువకి పోయేకొద్దీ నీటి మట్టం ఎత్తుగా ఉంటుంది. కాబట్టి కాంటూరు గీత పైన ఉన్నంత మాత్రాన వరద రాదని కాదు. ఇంకా, మన టోపోషీట్లలో కాంటూర్లు మామూలుగా 20 మీటర్లకొకటి ఉంటాయి. 41.15, 45.72 రెండూ 40 గీతకీ 60 గీతకీ మధ్యనే పడతాయి. ఆ మ్యాపు చూసి ఏ ఇల్లు లోపల, ఏ ఇల్లు బయట అని ఎవరూ చెప్పలేరు. నేల మీద లెవెల్ తీయాల్సిందే. "మా ఊళ్ళో లెవెల్ ఎప్పుడు తీశారు, ఏ బెంచ్‌మార్క్ నుంచి తీశారు, మాకు చూపించండి" అని అడగాలి. తర్వాత మావాళ్ళు రాసిన అర్జీలో ఆ ప్రశ్న నేనే రాశా. జవాబు ఇంకా రాలేదు. కానీ అంతకుముందు ఆ ప్రశ్న కూడా మా దగ్గర లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన ఊరి సంగతి తేల్చేది చాలాసార్లు ఒక మ్యాపు. డ్యాం ఒక్కటే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరంతటికీ సామూహిక హక్కు అడగాలంటే హద్దులు చూపించాలి. ఏ వాగు నుంచి ఏ గట్టు దాకా, వేల్పుల చోటు ఎక్కడ, తునికాకు ఎక్కడ కోస్తాం అన్నీ మన ముసలివాళ్ళకి తెలుసు. కాగితం మీద పెట్టే మనిషి లేడు. బయటి మనిషి వచ్చి గీస్తే వాడికి తెలిసినంతే గీస్తాడు.

జాగ్రఫీ పుస్తకంలో మనకి నచ్చనివీ ఉన్నాయి. 12లో మన పోడులాంటి సేద్యాన్ని "ఆదిమ" జీవనాధార వ్యవసాయం కింద పెట్టారు. ఆ పాఠం రోజు క్లాసులో నన్ను చూసి ఇద్దరు నవ్వారు. కోపమొచ్చింది. కానీ ఆ మాటకి అడ్డం చెప్పాలన్నా పాఠం చదివినవాళ్ళే చెప్పాలి కదా.

ఉద్యోగాలొస్తాయా అంటారు. గ్రూప్స్, సివిల్స్ సిలబస్‌లో జాగ్రఫీ ఉంది, సివిల్స్‌లో ఆప్షనల్‌గా కూడా తీసుకోవచ్చు. అయితే వెంటనే కొలువు ఇచ్చే సబ్జెక్ట్ అని అబద్ధం చెప్పను. నర్సు కావాలని ఉన్న చెల్లెలు బైపీసీలో చేరడమే మంచిది. అందరూ జాగ్రఫీకి రమ్మని కాదు, ఊరికొక్కరైనా ఉండాలి అంటున్నా.

అసలు ఇబ్బంది ఏంటంటే, జాగ్రఫీ ఉన్న జూనియర్ కాలేజీలే తక్కువ. మన పిల్లలు చదివే గురుకులాల్లో, ఏజెన్సీ కాలేజీల్లో పెట్టమని అడుగుదాం. పెట్టేదాకా, మ్యాపు చదవడం నేర్పే తరగతులు వేసవి సెలవుల్లో మనమే పెట్టుకోవచ్చు. నేను మా మండలంలో చెప్పడానికి రెడీ.

మీకు తెలిసిన ఏ కాలేజీలో జాగ్రఫీ ఉందో కింద రాయండి, అడ్మిషన్లు అయిపోకముందే లిస్టు చేద్దాం. నేను రాసినదాంట్లో తప్పుంటే అదీ చెప్పండి, దిద్దుకుంటా.

జోహార్.