చిన్న నగరం చౌక అన్న భ్రమ

బదిలీ ఉత్తర్వు చేతికందిన నాడు మన ఉద్యోగి ఇంట మొదట వినవచ్చే మాట ఒక్కటే: "చిన్న ఊరు, ఖర్చు కలిసివస్తుంది." ఈ మాటలో సత్యం లేకపోలేదు. గుంతకల్లు వంటి ఊరిలో ఇంటి నుండి స్టేషనుకు నడిచి పోవచ్చు. ఇంటిపెద్ద లైనులో ఉన్న వేళ పిల్లవానికి జ్వరం వస్తే పొరుగువారే వచ్చి తలుపు తడతారు. మండుటెండలో పోస్టుమానును నిలిపి మజ్జిగ ఇస్తారు. మహానగరంలో రోజుకు మూడు గంటలు బస్సులలో పోగొట్టుకొనే సోదరునికి ఇది భాగ్యంగానే కనిపిస్తుంది.

అయితే ఈ ఒక్క మాటనే పట్టుకొని ప్రభుత్వం మన భత్యాలను నిర్ణయించడం న్యాయం కాదు. జనాభా యాభై లక్షలు దాటిన నగరం మొదటి తరగతి, ఐదు లక్షలు దాటినది రెండవ తరగతి, తక్కినవన్నీ మూడవ తరగతి. 2024 జనవరి నుండి ఇంటి అద్దె అలవెన్సు మూలవేతనంలో వరుసగా 30, 20, 10 శాతం. అనగా 30,000 రూపాయల మూలవేతనం గల ఉద్యోగికి హైదరాబాదులో 9,000, విజయవాడలో 6,000, గుంతకల్లులో 3,000 రూపాయలు లభిస్తాయి. ఈ వర్గీకరణ 2011 జనగణనపై ఆధారపడినది. ఆనాడు ఐదు లక్షలకు స్వల్పంగా తగ్గిన కర్నూలు, రాజమహేంద్రవరం మూడవ తరగతిలోనే ఉండిపోయాయి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. అద్దెలు మాత్రం జనగణన కోసం ఆగలేదు.

అద్దె నిజంగానే తక్కువ అనుకొందాం. ఆ మిగులు ఎవరికి దక్కుతున్నది? దూరానికి దక్కుతున్నది. గుంతకల్లులో రైల్వే డివిజన్ ఆసుపత్రి ఉన్నది. వ్యాధి ముదిరితే రైల్వే ఉద్యోగి సికింద్రాబాదు లాలాగూడకు పోవాలి. అదే వీధిలోని తపాలా ఉద్యోగికి ఆ ఆసుపత్రి కూడా లేదు. ముందు చేతి డబ్బు పెట్టి, తరువాత బిల్లుల వెంట తిరగాలి. తపాలా పెన్షనరుకు కేంద్ర ఆరోగ్య పథకం అందని చోట నెలకు దక్కేది 1,000 రూపాయల వైద్య భత్యం. బెంగళూరుకు ఒకసారి వెళ్ళి పరీక్షలు చేయించుకొంటే అది ఏపాటి? రోగి వెంట వెళ్ళినవారి తిండికీ, బసకూ అయ్యే ఖర్చును లెక్కించేవారే లేరు.

పిల్లల చదువు మాట మరీ విచిత్రం. విద్యాభత్యమూ, హాస్టలు సబ్సిడీ ముఖ్యంగా పన్నెండవ తరగతి వరకే. చిన్న నగరంలో ఆ చదువు ఇంటి వద్దనే సాగిపోతుంది. బిడ్డ మంచి కళాశాల కోసం ఊరు విడవవలసి వచ్చేది సరిగ్గా ఆ తరువాతనే. మహానగర ఉద్యోగి కుమార్తె ఇంటి నుండే కళాశాలకు పోతుంది. మన కుమార్తె కోసం రెండవ కాపురం పెట్టాలి. చేయి చాలని తండ్రి ఆమెను ఉన్న ఊరిలోనే ఏదో ఒక కోర్సులో చేర్చి సరిపెట్టుకొంటాడు. ఈ నష్టం ఏ జీతపు చీటీలోనూ కనిపించదు.

ఇది ఒక్క గుంతకల్లు సమస్య కాదు. తరతరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలకూ ఈ బాధ తెలుసు. పెద్ద నగరాల సోదరుల భత్యాన్ని తగ్గించమని మనం కోరడం లేదు. అక్కడి అద్దెల భారం మనకు తెలియనిది కాదు. మనం కోరేది ఊరిని తలల లెక్కతో మాత్రమే తూచవద్దని. ఆసుపత్రికీ, కళాశాలకూ ఉన్న దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. హాస్టలు సబ్సిడీని డిగ్రీ వరకు పొడిగించాలి. రోగికి తోడు వెళ్ళేవారి ఖర్చును చెల్లించాలి.

2025 నవంబరులో ఏర్పాటైన ఎనిమిదవ వేతన సంఘానికి నివేదిక సమర్పించడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఉపన్యాసాలతో దానిని ఒప్పించలేము. ప్రతి శాఖా సభ్యుల నుండి ఒక సంవత్సరపు వైద్య, విద్య, ప్రయాణ ఖర్చుల లెక్కలు సేకరించాలి. మన ఇళ్ళలోని ఆ చిత్తు పుస్తకాలే మన వాదానికి సాక్ష్యం. చిన్న నగరంలో జీవించడం మనకు ఇష్టమే. ఆ ఇష్టానికి మన పిల్లల భవిష్యత్తును మూల్యంగా చెల్లించడం మాత్రం మనకు సమ్మతం కాదు.