హైవే మీద వెళ్లేవాళ్లంతా మన బేరం కాదు

ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టబోయే నాయుడుపేట బట్టల వ్యాపారికి ముందుగా ఒక మ్యాపు కనిపిస్తుంది. ఊరి మీద గుర్తు పెట్టి, చుట్టూ ఎన్ని కిలోమీటర్లు కావాలో చెప్పాలి. 80 దాకా పెంచుకోవచ్చు. పెంచితే ఆ గీతలోకి నెల్లూరు, తిరుపతి, వెంకటగిరి వచ్చేస్తాయి. దక్షిణాన దాదాపు చెన్నై శివార్లు, తూర్పున పులికాట్ దాటి సముద్రం! ఇన్ని లక్షల మందికి చేరుతుందంటూ పక్కనే అంకె వస్తుంది. ఆ అంకెకే మురిసి డబ్బు కట్టేస్తున్నారు. చిన్న కొట్టు సొమ్ము అక్కడే కారిపోతోంది.

నాయుడుపేటకు ఈ నష్టం మరీ ఎక్కువ. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. తిరుపతి రోడ్డు ఇక్కడే వచ్చి కలుస్తుంది. ఊళ్లో ఉంటున్నవాళ్లు, ఈమధ్య వచ్చిపోయినవాళ్లు, ప్రయాణికులు అని విడదీసి ఎంచుకునే వీలు ఫేస్‌బుక్‌లో ఒకప్పుడు ఉండేది. 2023లో దాని మాతృసంస్థ మెటా ఆ వీలును తీసేసింది. ఇప్పుడు ఉంటున్నవాళ్లూ వచ్చిపోయినవాళ్లూ ఒకే లెక్క. విజయవాడ నుంచి చెన్నై పోతూ టీకి ఆగినాయన, కారులో కొండకు వెళ్తున్న కుటుంబం కూడా ఆ లెక్కలో చేరిపోవచ్చు. పంచె కోసం వాళ్లు మళ్లీ ఇంతదూరం వస్తారా?

పోనీ భాషతో వడకడదామన్నా కుదరదు. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడనివాళ్లు కూడా ఫోన్‌ను ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు. ప్రకటనను తెలుగులో రాసి భాష గడిని ఖాళీగా వదిలేయడమే మేలు.

‘మనకెందుకీ తలనొప్పి, ఎవరికి చూపాలో కంప్యూటరే చూసుకుంటుంది’ అనే సలహా ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. ఆన్‌లైన్‌లోనే అమ్మి ఆన్‌లైన్‌లోనే డబ్బు తీసుకునే కంపెనీకి అది మంచి సలహానే. ఎవరు కొన్నారో ఫేస్‌బుక్ కంప్యూటరుకు తెలుస్తుంది, అలాంటివాళ్లనే మళ్లీ వెతుకుతుంది. నాయుడుపేటలో అమ్మకం గల్లాపెట్టె దగ్గర జరుగుతుంది. నోట్లిచ్చినా ఫోన్‌పే కొట్టినా ఆ సంగతి దానంతటది ఫేస్‌బుక్‌కు చేరదు. దానికి తెలిసేది ప్రకటన మీద ఎవరు నొక్కారన్నదే. అందుకే కొనేవాళ్లను వదిలేసి నొక్కేవాళ్లను తెచ్చిపెడుతుంది.

కొనేవాళ్లెవరో వ్యాపారికి తెలుసు. ఓజిలి, పెళ్లకూరు, దొరవారిసత్రం వైపు నుంచి ఎవరొస్తారో, ఏ పల్లెవాళ్లు గూడూరుకో సూళ్లూరుపేటకో పోతారో ఆయన ఖాతా పుస్తకమే చెబుతుంది. వరి కోతలై ధాన్యం డబ్బు చేతికొచ్చాకే పల్లెల నుంచి పెద్ద బేరాలు. మేనకూరు సెజ్‌లో పనిచేసే కుర్రాళ్లకు జీతాలు పడే వారం వేరు. పెళ్లి పట్టుచీరలు ముహూర్తాల ముందు చూపాలి, ఆషాఢంలో చూపి ఏం లాభం? రోజుకు 200 రూపాయల చొప్పున నెలంతా అంత పెద్ద గీతలో చల్లే బదులు, సెజ్ దగ్గర గుర్తు పెట్టి ఐదారు కిలోమీటర్లకు కుదించి, జీతాల వారంలో ప్యాంట్లు, చొక్కాల ప్రకటన నడపాలి. పల్లెలకు వేరే గుర్తు, వేరే ప్రకటన, వేరే నెల. చేరేవాళ్ల అంకె పడిపోతుంది. పడిపోనివ్వండి.

బిల్లు కోసం తీసుకున్న ఫోన్ నంబర్లను ఫేస్‌బుక్‌కు ఎక్కించి, వాళ్లనూ వాళ్లలాంటివాళ్లనూ వెతికించే పద్ధతి కూడా ఉంది. ఎంత బాగా పనిచేసినా అడగకుండా చేయడం తప్పు. బిల్లుకిచ్చిన నంబరు బిల్లుకే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఏ పనికి ఒప్పుకున్నారో ఆ పనికే వాడాలంటోంది. 18 ఏళ్లలోపు పిల్లలకు గురిపెట్టి ప్రకటనలివ్వడాన్ని నిషేధించింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన నిబంధనలకు 18 నెలల గడువిచ్చారు. ఇంటర్ అడ్మిషన్ల కోసం పోటీపడే కాలేజీలు గడువు దాకా ఆగాల్సిన పనిలేదు, ప్రకటనలను ఇప్పటినుంచే పిల్లల ఫోన్ల నుంచి తల్లిదండ్రుల ఫోన్లకు మార్చుకోవాలి.

గల్లా దగ్గర రెండు ప్రశ్నలు అడగడానికి ఖర్చేమీ లేదు. ‘ఏ ఊరు, మా కొట్టు సంగతి ఎక్కడ చూశారు?’ ‘కొత్త సరుకొస్తే వాట్సాప్‌లో పెట్టమంటారా?’ జవాబులు బిల్లు పుస్తకంలోనే రాసుకుంటే, ఏ గుర్తు దగ్గర పెట్టిన డబ్బు బేరమైందో రెండు నెలల్లో తేలిపోతుంది. బేరం కాని చోట ప్రకటన ఆపేయవచ్చు.