పూజకు మాత్రమే

“పూజ” అనే మాటకు అంగడివీధి ఒక కొత్త అర్థాన్ని కట్టబెట్టింది. పసుపు వేరు, పూజ పసుపు వేరు. నెయ్యి వేరు, పూజ నెయ్యి వేరు. నూనె, తేనె, వక్కలు, ఖర్జూరాలు, చివరకు రవికగుడ్డలు కూడా ఈ విధంగా రెండు జాతులుగా చీలిపోయాయి. ఈ విశేషణం చేరిన ప్రతిచోటా ధర కొంత తగ్గుతుంది, దానితోపాటు సరుకూ దిగజారుతుంది. శ్రేష్ఠమైనది అని అర్థం రావలసిన చోట, మన వాడకానికి పనికిరానిది అన్న అర్థం స్థిరపడింది. పొన్నూరు బజారులో పసుపు కావాలని అడిగితే కొట్టువాడు వేసే మొదటి ప్రశ్న “వంటకా, పూజకా?” అనే. అందులో దాపరికం ఏమీ లేదు. అతడు నిజాయితీగానే అడుగుతున్నాడు. జవాబు చెప్పే ముందు ఆలోచించవలసినది మనమే.

దీపారాధనకని అమ్మే నూనె సీసానో, నెయ్యి డబ్బానో ఒకసారి చేతిలోకి తీసుకుని వెనుకవైపు చదివి చూడండి. చాలావాటి మీద చిన్న అక్షరాలలో, ఇది తినడానికి ఉద్దేశించినది కాదన్న హెచ్చరిక కనిపిస్తుంది. ప్రమిదలో కాలిపోయే నూనెను ఎవరు తింటారు, అందులో తప్పేమిటి అని అడగవచ్చు. ప్రమిద వరకైతే ఒప్పుకుంటాను. కాని ఆ డబ్బా ఒకసారి పూజగదిలోకి చేరాక దాని ప్రయాణం ప్రమిదతో ఆగదు. అందులో నుంచే పంచామృతానికి ఒక చెంచా తీస్తాము, మహానైవేద్యం మీద నాలుగు చుక్కలు అభిఘరిస్తాము. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార కలిసిన పంచామృతం అభిషేకం కాగానే తీర్థమవుతుంది. దాన్ని పసిపిల్లల అరచేతిలో కూడా పోస్తాము. తినకూడదని రాసి ఉన్న వస్తువు ప్రసాదం పేరుతో తిరిగి మన నోటికే వస్తున్నదన్నమాట.

తిరుమల లడ్డులో వాడిన నేతిని గురించి 2024 సెప్టెంబరులో పెద్ద వివాదం రేగింది. ఆ మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు దర్యాప్తును ఒక ప్రత్యేక బృందానికి అప్పగించింది. ఆ వార్త విని మనసు కలుక్కుమనని తెలుగు ఇల్లు అరుదు. ఏడుకొండలవాడి పోటులోని నేతి గురించి అంతగా కలవరపడిన మనం, మన పూజగదిలోని నేతి డబ్బా మీద ఏమి రాసి ఉన్నదో చదవకపోవడం నాకు వింతగా తోస్తుంది.

కర్పూరం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. పచ్చకర్పూరం వేరు, హారతి కర్పూరం వేరు అన్న తెలివిడి మన పెద్దలకు ఉండేది. మొదటిది చక్రపొంగలిలోనూ, తీర్థంలోనూ చిటికెడు పడుతుంది. రెండవది వెలిగించడానికే. నేడు దొరికే హారతి కర్పూరంలో అధికభాగం కర్పూరవృక్షం నుంచి వచ్చినది కాదు. పైన్ చెట్ల జిగురు నుంచి తీసే టర్పెంటైనుతో కర్మాగారాలలో తయారైనది. అంతమాత్రాన హారతికి లోపం వచ్చిందని నేననను. కాని దాన్ని తీర్థంలో నలిపి వేయడం ప్రమాదం. పిల్లలు మింగితే మూర్ఛలు రావచ్చు. చూడడానికి పిప్పరమెంటు బిళ్ళలా ఉంటుంది కనుక చేతికందని ఎత్తున పెట్టడం తప్పనిసరి.

ఇక పసుపు. మన పొన్నూరు నుంచి తెనాలి దాటితే దుగ్గిరాల. అక్కడి పసుపు యార్డు పేరు తెలియని వర్తకుడు ఉండడు. అంత దగ్గర కొమ్ముల రాశులు పోసి ఉండగా, ఏ ఊరిదో తెలియని పసుప్పచ్చని పిండిని పొట్లంగా కట్టించుకుని వస్తున్నాము. పసుపులో కల్తీకి వాడే రంగులలో మెటానిల్ ఎల్లో ఒకటి, లెడ్ క్రోమేట్ మరొకటి. రెండూ ఆహారంలో నిషిద్ధాలే. రెండవదానిలో సీసం ఉంటుంది. అది ఎదిగే పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పూజ పసుపును ఎవరూ తినరు కదా అని ఇక్కడ కూడా అనవచ్చు. గడపకు రాసిన పసుపు పాకే పిల్లవాడి చేతికి అంటుకుంటుంది. ఆ చెయ్యి నేరుగా నోట్లోకి పోతుంది. ముత్తైదువులు దాన్ని పాదాలకు, చెంపలకు, మంగళసూత్రాలకు రాసుకుంటారు. వంటపసుపు కూరలో చిటికెడే పడుతుంది. పూజ పసుపును మాత్రం గుప్పెళ్ళతో వాడతాము.

పసుపును చూసుకునే ఉపాయం మన ఆచారంలోనే ఉన్నది. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలుపుతాము గదా! పసుపులోని కర్కుమిన్‌కు సున్నం వంటి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పొట్లంలో పసుపు పాలు తగ్గి పిండి పాలు పెరిగేకొద్దీ ఆ ఎరుపు వెలవెలబోతుంది. ప్రయోగశాలతో సమానమైన పరీక్ష కాకపోయినా, మొదటి అనుమానానికి ఇది చాలును. అంతకంటె మేలైన మార్గం కొమ్ములు కొని పిండిమరలో పట్టించుకోవడం. కుంకుమ కూడా ఆ కొమ్ముల బిడ్డే. పసుపుకొమ్ములను నిమ్మరసంలో, పటిక, వెలిగారాలతో నానవేసి, ఆరబెట్టి దంచితే కుంకుమ అవుతుంది. కొమ్ములకు దుగ్గిరాల, నిమ్మకాయలకు తెనాలి పెట్టింది పేర్లు. ఇంత దగ్గర ముడిసరుకు ఉన్న మనం నుదుట పెట్టుకునేది మాత్రం రంగువేసిన పిండి. పెట్టినచోట దురద పుడితే “కుంకుమ పడలేదు” అనుకుంటాము. పడనిది కుంకుమ కాదు, రంగు.

పత్తిని గురించి గుంటూరు సీమవారికి ఒకరు చెప్పాలా? అయినా కార్తిక పౌర్ణమి వచ్చేసరికి మూడువందల అరవై అయిదు వత్తుల కట్టను కూడా పొట్లంగానే కొంటున్నాము. కొనడంలో తప్పులేదు, వత్తులు చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే పెద్దవయసు స్త్రీలు ఎందరో ఉన్నారు. వారి దగ్గర కొనడం పుణ్యమే. చూడవలసినది ఒక్కటే. ఒక వత్తిని విడిగా వెలిగించి ఆర్పండి. దూది అయితే కాలిన కాగితం వాసన వేసి మెత్తని బూడిదవుతుంది. నైలాను, పాలియెస్టరు దారాలు కలిస్తే ప్లాస్టిక్కు వాసన వేసి గట్టి పూసలా ముద్దకడుతుంది.

పొన్నూరు చుట్టుపక్కల అవిశ చెట్లకు పాకించిన తమలపాకు తోటలున్నాయి. చీరాలలో మగ్గాలున్నాయి. మరి పేరంటంలో మనం ఇచ్చే తాంబూలాన్ని ఒకసారి పరికించండి. అంచు నల్లబడిన ఆకులు రెండు, పుచ్చిన వక్క ఒకటి, దూరం నుంచి చూసినా అవతలివైపు కనిపించే రవికగుడ్డ ఒకటి. ఆ గుడ్డను ఏ దర్జీ కుట్టడు, కుట్టినా నిలవదు. శ్రావణ శుక్రవారం ఒక ఇంట బయలుదేరి, బొమ్మల కొలువుకు మరొక ఇంటికి, అట్లతద్దికి ఇంకొక ఇంటికి, సంక్రాంతికి తిరిగి మొదటి ఇంటికి చేరుతుంది. దాని జన్మంతా ప్రయాణమే. తీసుకునేవారికి తెలుసు, ఇచ్చేవారికీ తెలుసు. వాయనం ఇచ్చేటప్పుడు ఎదుటి ముత్తైదువను గౌరీదేవిగా భావించి ఇస్తున్నామని చెప్పుకుంటూనే, ఆమె కట్టుకోలేని గుడ్డను ఆమె చేతిలో పెడుతున్నాము.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయని ఎరుగుదును. మొదటిది ధర. మేలైన వస్తువులే కొనాలంటే పేదవాడు పూజ చేసుకోవద్దా అని. ఈ ప్రశ్నకు జవాబు మన పూజావిధానంలోనే ఉన్నది. ఏ ఉపచారానికైనా వస్తువు లేకపోతే అక్షతలు సమర్పించి ముందుకు సాగమని పురోహితుడే చెబుతాడు. ఆభరణం లేకపోతే అక్షతలు, వస్త్రం లేకపోతే అక్షతలు. వినాయకుడి ఇరవైయొక్క పత్రులలో దేవదారు ఒకటి. అది హిమాలయాల చెట్టు. ఈ నల్లరేగడిలో ఎక్కడ నుంచి వస్తుంది? ఆ పేరు చెప్పి అక్షతలు వేస్తే సరిపోతుంది. బజారులో కట్టగా అమ్మే ఏవో ఆకులను దేవదారు అనుకోనక్కరలేదు. లేకపోవడానికి సంప్రదాయం ఇంత దయగా దారి చూపింది. నాసిరకానికి మాత్రం ఎక్కడా దారి చూపలేదు. విగ్రహం విషయంలోనూ అంతే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. చెరువుమట్టి ముద్దతో చేసుకున్న బొటనవేలంత వినాయకుడికి పైసా ఖర్చు లేదు, నీటికి బాధ లేదు.

రెండవ ఆక్షేపణ భావానికి సంబంధించినది. దేవుడు భక్తిని చూస్తాడు గాని వస్తువును చూస్తాడా అంటారు. నిజమే. శబరి ఏ అంగడికీ వెళ్ళలేదు. కాని తనకు దొరికినవాటిలో మంచిపండ్లను ఏరింది. ఆ ఏరడమే భక్తి. మన పొన్నూరులో వెలసిన స్వామి సాక్షి భావనారాయణుడు. ఇచ్చిన మాటకు తానే వచ్చి సాక్ష్యం పలికాడని స్థలపురాణం. ఆయన పేరులో భావమూ ఉన్నది, సాక్ష్యమూ ఉన్నది. మనసులోని భావానికి బయట కనిపించే సాక్ష్యం మన చేతి ఎంపికే. తనకు మేలైనది, దేవుడికి చౌకైనది కొనే చెయ్యి ఏ భావానికి సాక్ష్యం చెబుతున్నట్లు?

ఇందులో దేవుడికి కలిగే నష్టమేమీ లేదు. నష్టం మొదట ఇంట్లోని పిల్లలకు. రంగునీళ్ళూ సీసమూ ఒక ఎత్తయితే, మిగిలిపోయినదీ పనికిరానిదీ దేవుడికి చాలునన్న పాఠం మరొక ఎత్తు. ఆ పాఠం నేర్చిన పిల్లవాడు రేపు ముసలితల్లికీ, పనిమనిషికీ, గుమ్మంలో నిలిచిన యాచకుడికీ అదే కొలత వాడతాడు. రెండవ నష్టం పసుపు పండించే రైతుకు, తమలపాకు కోసే కూలికి, రవిక నేసే సాలెకు. వారి మంచి సరుకుకు ఏటా మూడు నాలుగు మాసాలు నిలకడగా ఉండవలసిన గిరాకీని “పూజ” అనే చీటీ అతికించిన పొట్లాలు ఎత్తుకుపోతున్నాయి.

కనుక నా మనవి ఇది. రాబోయే పండుగకు జాబితా రాసుకునేటప్పుడు ప్రతి వస్తువు ముందూ ఒక ప్రశ్న వేసుకోండి: ఇది మనం తింటామా, పూసుకుంటామా, కట్టుకుంటామా? అవునన్నవాటిని ఉంచండి. కాదన్నవాటిని కొట్టివేసి అక్కడ “అక్షతలు” అని రాసుకోండి. జాబితా సగానికి తగ్గవచ్చు. మిగిలిన సగానికి, ఆ డబ్బుతోనే, వంటింటి సరుకు వస్తుంది. ఒక పిడికెడు మంచి బియ్యం, చిటికెడు మంచి పసుపు, ఒక చెంచా నువ్వులనూనె, రెండు దూదివత్తులు ఉన్న ఇంట పూజకు లోటు ఉండదు.