పెద్దల్ని కూర్చోబెట్టడమే మర్యాదా?

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఎక్కడైనా మన ఇళ్ళలో పెద్దలకు మర్యాద ఉంది. కానీ పనులన్నీ మాన్పించి మంచానికి పరిమితం చేయడమే మర్యాద అనుకుంటున్నాం. కదలిక, మాట కరువైతే మెదడు మొద్దుబారుతుంది. దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుతో ఉన్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. ప్రపంచంలో ఇలాంటి కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ తెలిపింది.

అందుకు బీపీ, షుగరు అదుపులో ఉంచాలి. చెవుడు వస్తే మిషను పెట్టించాలి. డాల్డా వంటలు తగ్గించి ఆకుకూరలు, పప్పు, నిజాంపట్నం చేపల పులుసు పెట్టాలి. దాదాను మస్జిదుకు నడిచి వెళ్ళనివ్వండి. నానీ చేత మనవలకు ఖురాన్ చదవడం నేర్పించండి. విశ్రాంతి ఇవ్వండి, ఇంట్లో వారి పని మాత్రం లాక్కోకండి.