స్కాన్ నార్మలే... మరి ఫిట్స్ ఎక్కడివి?

‘ఎంఆర్‌ఐ నార్మల్‌గానే ఉంది’ అని డాక్టర్ చెప్పినా ఊపిరి పీల్చుకోలేని కుటుంబాలు కొన్ని ఉంటాయి. రిపోర్టులో ఏమీ లేదు, ఇంట్లో ఫిట్స్ ఆగడం లేదు.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువ మందికి మాత్రలతోనే అదుపులోకి వస్తుంది. సుమారు మూడో వంతు మందికి రాదు. తగిన మందులు రెండు సరిగ్గా వాడినా ఫలితం లేకుంటే, మూడో మాత్ర కోసం ఏళ్లు గడపకుండా ఫిట్స్ మెదడులో ఏ చోట పుడుతున్నాయో వెతకాలి. చోటు దొరికి, తీసేయడానికి వీలైనదైతే ఏం జరుగుతుందో ఢిల్లీ ఎయిమ్స్ 2017లో చూపించింది. మందులకు లొంగని 116 మంది పిల్లల్లో, ఆపరేషన్ జరిగినవారిలో ఏడాది తర్వాత 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవారిలో అది 7 శాతం.

వెతకడంలోనే ఉంది చిక్కంతా. కణతల లోపల ఉండే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం కుంచించుకుపోవడం తరచూ కనిపించే కారణం. దాని నిడివికి అడ్డంగా, సన్నని పొరలుగా చిత్రాలు తీస్తే అది తేటగా కనిపిస్తుంది. తలనొప్పికీ పక్షవాతానికీ తీసే మామూలు స్కాన్‌లో మందపాటి పొరల మధ్య జారిపోవచ్చు. జర్మనీలోని బాన్ నగర వైద్యులు 2002లో ప్రచురించిన లెక్క ఇప్పటికీ కలవరపెడుతుంది: మామూలు ఎంఆర్‌ఐని సాధారణ నిపుణులు చదివితే 39 శాతం లోపాలే బయటపడ్డాయి. అవే ఫిల్ములను మూర్ఛ నిపుణులు చదివితే 50 శాతం. మూర్ఛ కోసమే ప్రత్యేకంగా తీసి, వారే చదివితే 91 శాతం.

ఎంఆర్‌ఐకి చిక్కనప్పుడు పెట్ స్కాన్ ఉంది. ఫిట్స్ లేని వేళ అవి పుట్టే చోటు చక్కెరను తక్కువగా వాడుకుంటుంది, చిత్రంలో మసకబారుతుంది. స్పెక్ట్ అనే మరో స్కాన్‌లో పని ఇంకా ఉత్కంఠగా ఉంటుంది. సిద్ధం చేసిన సిరంజితో సిబ్బంది మంచం పక్కనే కాచుకుని, ఫిట్ మొదలైన సెకన్లలోనే ఇంజెక్షన్ ఇస్తారు. రక్తం ఉరకలేసిన చోట మందు నిలిచిపోతుంది కాబట్టి చిత్రం తర్వాత తీసినా ఆ క్షణమే అందులో ఉంటుంది. సూది ఆలస్యమైతే, ఫిట్ పుట్టిన చోటు బదులు పాకిన చోటు వెలుగుతుంది.

కనిపించిన ప్రతి మచ్చా దోషి కాదన్నదీ గుర్తుంచుకోవాలి. బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో గట్టిపడిన చుక్కలు మన దేశంలో కొత్త కాదు. ఫిట్స్‌కు మూలం మరోచోట ఉండవచ్చు. అందుకే స్కాన్‌ను, ఫిట్ వచ్చే వేళ మెదడు విద్యుత్ సంకేతాలను వీడియోతో పాటు నమోదు చేసే వీడియో ఈఈజీతో పోల్చి, రెండూ ఒకే చోటును చూపితేనే సర్జన్ ముందుకెళ్తారు.

తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ ఈ పద్ధతిలో 1995 నుంచి ఆపరేషన్లు చేస్తోంది. జిల్లా పట్టణాల్లో యంత్రాలు పెరుగుతున్నాయి గానీ, నా దృష్టిలో ఇప్పుడు డబ్బు పెట్టాల్సింది చదివే కళ్లకు శిక్షణ ఇవ్వడం మీద. ఖర్చులేని పని మరొకటుంది. స్కాన్‌కు రాసే చీటీలో ‘ఫిట్స్’ అన్న ఒక్క మాటే ఉంటే చాలదు, ఫిట్ ఎలా మొదలవుతుందో కూడా రాయాలి. ఇంట్లోవాళ్లు కూడా రోగి చేతిలో తాళాలు పెట్టడం మాని, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, మరొకరి చేత ఫోన్‌లో వీడియో తీయించాలి. ఎడమ చెయ్యి ముందుగా బిగుసుకుందని అందులో తెలిస్తే, స్కాన్ చదివేవారు శరీరం ఎడమ వైపును నడిపే మెదడు కుడి సగాన్ని మరోసారి నిదానంగా చూస్తారు.