గుండె కుట్టగానే గండం గడిచినట్టేనా?

నేను వైద్యుణ్ణి కాను, విశ్రాంత తెలుగు పండితుణ్ణి. అయినా ఈ టపా వైద్యం గురించే.

రాజోలు దగ్గరి లంకలో కొబ్బరి దింపు తీసే నా పూర్వ విద్యార్థి ఒకడు తన కూతురి ఆసుపత్రి కాగితాలతో మా అరుగెక్కాడు. "మాస్టారండీ, ఇందులో ఏముందో చెప్పండి" అన్నాడు. పాపకు గుండె శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత ఊపిరితిత్తి చుట్టూ ద్రవం చేరితే గొట్టం వేసి తీశారు. ఆరువారాలు కొవ్వులేని ఆహారమే పెట్టమని కాగితంలో స్పష్టంగా ఉంది, ఆంగ్లంలో. ఇంట్లో నాయనమ్మ "చిక్కిపోయింది తల్లి" అని వెన్న కలిపి అన్నం పెట్టింది. పాపకు మళ్ళీ ఆయాసం, మళ్ళీ గొట్టం. అపరాధం నాయనమ్మదా?

సంగతి ఇది. ఆహారంలోని కొవ్వులో అధికభాగం పేగులనుండి నేరుగా రక్తంలోకి పోదు. శోషరసంలో కలిసి, పాలవలె తెల్లనై, రొమ్ములోని సన్నని నాళం గుండా పోయి మెడమొదట రక్తంలో కలుస్తుంది. శస్త్రచికిత్సలో ఆ నాళం గాయపడినా, అది కలిసే సిరలో ఒత్తిడి పెరిగినా ద్రవం ఊపిరితిత్తి చుట్టూ కారుతుంది. దీన్ని కైలోథొరాక్స్ అంటారు. గుండె శస్త్రచికిత్స జరిగిన పిల్లలలో నూటికి సుమారు ఇద్దరు మొదలు ఐదుగురికి వస్తుంది. ఆ ద్రవంతోపాటు మాంసకృత్తులు, రోగనిరోధక కణాలు కూడా పోతాయి.

కాలువకు గండిపడితే మనమేం చేస్తాం? ఎగువ లాకులు దించి ప్రవాహం తగ్గిస్తాం. కొవ్వు మానడం ఆ లాకు దించడమే. అప్పటికీ ఆగకపోతే నోటి ఆహారం ఆపి సిరద్వారా పోషణ, ఆక్ట్రియోటైడ్ మందు, చివరకు నాళానికి ముడి.

మన కొబ్బరిసీమకు మరొక చిక్కు. ఈ పిల్లలకిచ్చే ఎమ్‌సీటీ నూనెను కొబ్బరినూనెనుండి కూడా తీస్తారు. దానిలోని కొవ్వు శోషరసపు దారి పట్టక నేరుగా కాలేయానికి చేరుతుంది. అది విని ఇంటి కొబ్బరినూనె పోయరాదు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం, దానిలో చాలా భాగం శోషరసపు దారినే పోతుంది. ఈ భేదం తల్లికి ఏ భాషలో చెప్పారు?

"తెలుగులో మాటలు లేవు" అంటారు. పండితులమైన మేము పారిభాషిక పదాలపై పోట్లాడుతూ ఆ వాదానికి బలమిచ్చాం, ఒప్పుకుంటాను. కాని ఇక్కడ కావలసింది నిఘంటువు కాదు: "నెయ్యి, వెన్న, మీగడ, నూనె, కొబ్బరి, వేపుళ్ళు డాక్టరు చెప్పేదాకా వద్దు. ఆయాసం, జ్వరం, వాంతులు, పాలు తాగకపోవడం కనిపిస్తే ఆ రోజే తీసుకురండి." ఇందులో లేని మాట ఏది? ఈ రెండో వాక్యం గుండె చుట్టూ పొరలో నీరు చేరే పిల్లలనూ కాపాడుతుంది. అది ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు కూడా రావచ్చు.

"వైద్యులకు తీరిక లేదు" అంటారు. ఒకసారి రాసి అచ్చువేస్తే చాలదా?

1966లో తెలుగును అధికారభాషగా చట్టం చేసుకున్నాం. 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చుకుని పేదబిడ్డ శస్త్రచికిత్సకు సర్కారు సొమ్ము కట్టే ఏర్పాటు చేసుకున్నాం. లక్షలు పెట్టి కోయించి, ఆ తరువాత కాపలా కాయవలసిన తల్లికి తెలియని భాషలో ఆజ్ఞలివ్వడం ఏమి న్యాయం? తెలుగు కాగితం లేనిదే బిడ్డను ఇంటికి పంపరాదని నియమం పెట్టాలి.

మిత్రులారా, కవితలు తరువాత రాసుకుందాం. మీలో వైద్యులుంటే ఆ ఒక్క పుట రాయండి. అచ్చుతప్పులు దిద్దే పని నాది.