తేలిక సీటెవరిది?

డాక్టరు సీటు తేలిగ్గా దొరికే కాలేజీలు ఈ దేశంలో వున్నాయి. చాలానే వున్నాయి. అయితే వాటిని కట్టింది మా పిల్లల కోసం కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

నీట్ ఫలితాలొచ్చిన మర్నాటి నుంచీ పేటలోనూ పెద్దవీధిలోనూ వొకటే వెతుకులాట. పోటీ తక్కువున్న కాలేజీ యేది? యే వూళ్ళో? యే దేశంలో? ప్రశ్న వొకటే, జవాబులు రెండు. పెద్దవీధి వాళ్ళ జవాబు బ్యాంకు పాసుబుక్కులో వుంటుంది. పేటవాళ్ళకి దొరికే జవాబు వొక వెక్కిరింత: "మీకేంటి, కోటా వుందిగా!"

నేను పల్నాడులో వొక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ కాగితం పట్టుకున్న మొదటి మనిషిని. అమ్మ మిరపకోతలకి పోయేది. నాయన రైతు దగ్గర జీతానికున్నాడు. 2006లో ఎంసెట్ రాశాను. ఎస్సీ కోటాలో చివరి సీటు నా ర్యాంకుకి ముందే అయిపోయింది. ఇంకో యేడాది కోచింగంటే అమ్మ కూలి డబ్బులు మొత్తం పెట్టినా చాలవు. బీయస్సీ చదివాను, బీఈడీ చేశాను, డీఎస్సీ రాసి టీచరునయ్యాను. అప్పుడే నాకో సంగతి తెలిసింది. కోటా అంటే తెరిచిపెట్టిన తలుపు కాదు. ఆ తలుపు దగ్గర మా పిల్లలూ మా పిల్లలే వొకరినొకరు తోసుకుంటున్నారు. ఆ పోటీ యెవరి లెక్కలోకీ రాదు.

మరి తేలిక సీటు యెవరిది? లెక్కలు చూద్దాం. తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు మెడికల్ కాలేజీలో నూరు సీట్లుంటే కన్వీనర్ కోటా యాభై, బి కేటగిరీ ముప్పై అయిదు, ఎన్నారై కోటా పదిహేను. మాకున్న 15 శాతం ఆ మొదటి యాభైలోనే. అంటే నూటికి ఏడున్నర. మిగతా యాభై సీట్లు డబ్బున్న వాళ్ళకి రిజర్వు. బి కేటగిరీ అంటే యేడాదికి పది లక్షలు పైమాటే. ఎన్నారై అంటే అంతకు రెట్టింపో, ఇంకా యెక్కువో. నూటికి యాభై డబ్బు రిజర్వేషన్ని యెవరూ రిజర్వేషన్ అనరు. మా ఏడున్నర్ని మాత్రం దేశానికి పట్టిన రోగం అంటారు!

2024లో నీట్ రాసింది 23 లక్షల మంది పైనే. అర్హులన్న వాళ్ళు 13 లక్షల పైచిలుకు. ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా పదివేలు. సీటుకి పన్నెండు మందిని అర్హులని యెందుకంటారు? జనరల్ వాళ్ళకి అర్హత మార్కు 720కి 162. నూటికి ఇరవై మూడు కూడా కాదు. అర్హత గీత అంత కిందికుంటే కోట్లు పెట్టే వాడు యెంత వెనకున్నా సీటు కొనుక్కోగలడు. మా పిల్లలకి అర్హత మార్కు 127 కదా అంటారు. ఆ 127తో యే ఎస్సీ బిడ్డకి సర్కారు కాలేజీలో సీటొచ్చిందో చూపించండి. నాలుగు వందలు దాటిన పిల్లలు కూడా చివరి రౌండు దాకా గుండెలు చిక్కబట్టుకుని కూర్చున్నారు.

పీజీ సీట్ల కథ ఇంకా చోద్యం. 2023లో సీట్లు మిగిలిపోతున్నాయని అర్హతని సున్నా పర్సంటైల్‌కి దించారు. పరీక్ష రాసిన వాళ్ళందరూ అర్హులే! అప్పుడు మెరిట్ యేమైంది? రోగుల ప్రాణాలేమయ్యాయి? 1990లో మండల్‌కి వ్యతిరేకంగా రోడ్లు వూడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన చేశారు. 2006లో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లే బీసీ రిజర్వేషన్ల మీద సమ్మెకి దిగారు. మా అమ్మలు పొద్దున్నే పట్టే చీపురు వాళ్ళకి నిరసన గుర్తయింది. ఆ చీపురు పట్టిన చేతులు మేనేజ్‌మెంట్ కోటా మీద వొక్కరోజైనా లేచాయా?

మా స్టాఫ్ రూంలో వొక సారు మిఠాయి పెట్టె తెచ్చారు. వాళ్ళన్న కొడుక్కి బి కేటగిరీలో సీటొచ్చింది. ఆ పిల్లాడి కంటే చాలా యెక్కువ మార్కులొచ్చిన మా బడి పిల్లకి యెక్కడా సీటు రాలేదు. సారు పెట్టె నా ముందు పెట్టి, "మీ వాళ్ళకైతే ఈజీ మేడం. మావాడికే పాపం ఖర్చయింది" అన్నారు. "సారూ, ఖర్చయింది మీకు, సీటు పోయింది మా పిల్లకి. ఈజీ యెవరికో మీరే చెప్పండి" అన్నాను. ఆయన పేపరు తెరిచారు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1951లో మద్రాసు రాష్ట్రంలో, అప్పటికి మన కోస్తా, సీమ అందులోనే వున్నాయి, చంపకం దొరైరాజన్ మెడికల్ సీట్ల కమ్యూనల్ జీవోని సుప్రీంకోర్టులో కొట్టేయించారు. ఆమె అసలు కాలేజీకి దరఖాస్తే పెట్టలేదు. ప్రతి 14 సీట్లలో హరిజనులకిచ్చింది రెండే. ఆ రెండూ కళ్ళలో నలుసులయ్యాయి. ఆ దెబ్బకే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) వచ్చింది. 1953లో మణిపాల్‌లో ప్రైవేటు మెడికల్ కాలేజీ పెట్టారు. తర్వాత కర్ణాటక డొనేషన్ కాలేజీలు మన మోతుబరుల కొడుకులకి పుట్టిళ్ళయ్యాయి. 1992లో ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల్ని హైకోర్టు తప్పుబడితే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి కుర్చీ దిగారు. కుర్చీ పోయింది గానీ వ్యాపారం పోలేదు.

ఇప్పుడది సర్కారు గుమ్మంలోకే వచ్చింది. 2023 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 107 తెచ్చారు. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కొత్త ప్రభుత్వ కాలేజీల్లో రాష్ట్రం సీట్లు సగం అమ్మకానికి పెట్టారు. వొక రకం సీటు యేడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటు 20 లక్షలు. ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో పది కాలేజీల్ని పీపీపీ పేరుతో ప్రైవేటుకి అప్పజెప్పాలని మంత్రివర్గం నిర్ణయించింది. వొకరు సీట్లు అమ్మితే ఇంకొకరు కాలేజీలకే బేరం పెట్టారు. ఇద్దరూ అంబేద్కర్ విగ్రహానికి దండేసేవాళ్ళే!

మొన్న వొక తల్లి బడి దగ్గరికొచ్చింది. "తేలిగ్గా సీటొచ్చే కాలేజీ యేడన్నా వుంటే చెప్పు టీచరమ్మా, అరెకరం కుదవ పెట్టయినా పంపిస్తా" అంది. అప్పటికే కన్సల్టెన్సీ వాడు రంగురంగుల కాగితం చేతిలో పెట్టాడు. నేను చెప్పాను: "అక్కా, లోపలికి పోవటమే తేలిక. బయటికి రావటం కాదు." విదేశాల్లో చదివొచ్చిన వాళ్ళు ఇక్కడ వైద్యం చెయ్యాలంటే ఎఫ్‌ఎంజీఈ రాయాలి. 2024 జూన్‌లో రాసిన వాళ్ళలో పాసయింది సుమారు అయిదో వంతే. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లీషులో చెప్పాలి, అక్కడ వొక యేడాది ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. నీట్‌లో అర్హత కూడా వుండాలి. 2022లో యుక్రెయిన్ నుంచి వేల మంది పిల్లలు చదువు సగంలో వదిలి ప్రాణాలు దక్కించుకుని వచ్చారు. వున్నవాడు ఇంకో దేశానికి పంపాడు. అరెకరం కుదవ పెట్టిన వాడు యేం చేస్తాడు?

చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను. పోటీ కాస్త తక్కువున్న కాలేజీ అంటే మనకి దూరపు సర్కారు కాలేజీ. పాడేరు అడవి అని, ఆసిఫాబాద్ కొత్తది అని వదలొద్దు. మీ రాష్ట్రంలో వున్న ప్రతి ప్రభుత్వ కాలేజీనీ ఆప్షన్లలో పెట్టండి. పేరున్న వాటిని పైన పెట్టండి, కిందివి వదిలెయ్యకండి. ఆలిండియా 15 శాతం కోటాకి విడిగా రిజిస్టరవండి, అందులోనూ ఎస్సీలకి 15, ఎస్టీలకి ఏడున్నర శాతం వుంది. మీ ర్యాంకు ఓపెన్‌లో వస్తే అది ఓపెన్ సీటే. మంచి కాలేజీ కోసం మీరు కోటా సీటు యెంచుకున్నా మిమ్మల్ని కోటా లెక్కలో వెయ్యకూడదని 1996లోనే రితేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కౌన్సెలింగ్ బల్ల దగ్గర యెవరన్నా గదిమితే ఈ పేరు చెప్పండి.

మేం అడిగేది సీటు తేలిక చెయ్యమని కాదు. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడి పిల్లలకి మెడికల్ సీట్లలో ఏడున్నర శాతం చట్టం చేసింది. మధ్యప్రదేశ్‌లో అలాంటి కోటాలో జనరల్ సీట్లు మెరిటున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకీ ఇవ్వాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ చట్టం రావాలి. ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్ పెట్టటానికి రాజ్యాంగంలో 15(5) అధికరణ 2006 నుంచీ వుంది. దాన్ని బి కేటగిరీలోకి తీసుకురండి. ఫీజు ప్రభుత్వం కట్టాలి. సర్కారు కాలేజీలో వొక్క సీటు కూడా అమ్మటానికి వీల్లేదు.

ఇవి కాకుండా మా మెరిట్ గురించి యెవరు మాట్లాడినా ముందు వాళ్ళింటి ఫీజు రసీదు చూపించమని అడుగుతాం. విద్యార్థి సంఘాల్లో వున్న పిల్లలారా, వచ్చే కౌన్సెలింగ్‌కి మీరూ ఆ రసీదులు అడగండి.